పెరట్లో కాయలు వలిచిందెవరు?

ఈమధ్య దోమల చక్రాలు చూశారా? సగం కాలి ఆరిపోతున్నాయి. దోమలు మాత్రం పూర్తి డ్యూటీ చేస్తున్నాయి.

సరే, అసలు సంగతి. ఒట్టేసి చెప్తున్నాను, ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. కల్పించేంత తెలివే ఉంటే అమలాపురంలో ప్రైవేటు కాలేజీలో కామర్స్ పాఠాలెందుకు చెప్తాను?

మా పెరట్లో కొబ్బరికాయలు వలిచే గునపం ఉంది. నేలలో పాతి, మొన పైకి ఉంటుంది. కాయని దానికి గుచ్చి, మెలితిప్పి పీచు లాగాలి. కోనసీమలో పుట్టి అది చేతకానివాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. చిన్నప్పుడు ఓసారి ప్రయత్నిస్తే ఎడమ అరచేతికి కుట్లు పడ్డాయి. అప్పట్నుంచి దాన్ని దూరం నుంచే గౌరవిస్తున్నాను.

ఆ రాత్రి పడుకున్నాను. అంతవరకు గుర్తుంది... తర్వాత శబ్దం.

టక్... చర్ర్ర్...

మళ్లీ... టక్... చర్ర్ర్...

ఎవరో కాయలు వలుస్తున్నారు. దొంగా? దొంగైతే వలిచి మరీ పట్టుకెళ్తాడా? అంత పద్ధతైన దొంగ మా ఊళ్లో లేడు. లేచి చూద్దామనుకున్నాను...

లేవడానికి, నేను పడుకుని లేను.

నిలబడి ఉన్నాను. పెరట్లో. పాదాల కింద తడి మట్టి. వెన్నెల్లో గునపం... దాని మీద కాయ... కాయ మీద రెండు చేతులు. నెమ్మదిగా... అలవాటుగా... మెలితిప్పుతున్నాయి. ఎడమ అరచేతిలో కుట్ల మచ్చ ఉంది కాబట్టి నావే అయ్యుండాలి. ఆగమన్నాను. ఆగలేదు. ఇంకో కాయ అందుకున్నాయి...

ఆ తర్వాత ఏమీ లేదు. తెల్లారింది. మంచం మీదే ఉన్నాను. కలే అనుకుని పళ్లు తోముకోడానికి పెరట్లోకి వెళ్తే... కుప్ప. ప్రతి కాయకీ, దేవుడికి కొట్టేవాటిలా, పిలక వదిలి మరీ వలిచి ఉంది.

"రాత్రి మిమ్మల్ని పిలిచేనండీ," అంది నా భార్య సుజాత. "'మీరెందుకు లేచేరండీ, మంచు పడుతోంది, లోపలికెళ్లండి' అన్నారు."

పెళ్లయ్యాక నేను సుజాతని 'మీరు' అని మన్నించి పిలిచింది లేదు. మంచు గురించి పట్టించుకున్నది అంతకన్నా లేదు.

ఇదొక్కటే అయితే నిద్రలో నడక అని సరిపెట్టుకునేవాణ్ణి. కిందటి నెల పాపని బడిలో దింపడానికి బండి తీసినవాణ్ణి, ఎక్కడో ముప్పై కిలోమీటర్ల అవతల రావులపాలెం బ్రిడ్జి మీద తేలాను. మధ్యలో దారి గుర్తులేదు... వెనక పాప నా చొక్కా పట్టుకుని ఏడుస్తోంది.

అప్పుడు ఫోన్లో వెతికాను. ఒకే మనిషిలో ఇద్దరుండే జబ్బు ఒకటుందట. ఒత్తిడి వల్ల కూడా ఇలా అవుతుందట. మూర్ఛలో ఒక రకమూ ఇలాగే ఉంటుందట. ఏదో తేల్చాల్సింది డాక్టరేనట. ఒక్కణ్ణే మోయలేకపోతుంటే నాకు ఇంకొకడెందుకు? అయినా ఏమని చెప్పాలి? "డాక్టరుగారూ, నా బండి నన్నడక్కుండా రావులపాలెం వెళ్లిపోయిందండీ" అనా? నవ్వుకుని ఊరుకున్నాను.

కాయల కుప్ప చూసిన ఆ పొద్దున మాత్రం నవ్వు రాలేదు.

"పాపని ఇంక మీ బండెక్కించనండీ," అంది సుజాత. కోపంగా కూడా కాదు.

"రేపు రాజమండ్రి వెళ్దాం. డాక్టరుకి చూపించుకుంటాను," అన్నాను.

ఆయ్, అలాగేనండీ అంటుందనుకున్నాను. నా మొహంలో ఎవరినో వెతుకుతున్నట్టు చూసింది.

"'డాక్టరొద్దు, నన్ను పంపించేయకండి' అని రాత్రి నా చెయ్యి పట్టుకుని ఏడ్చేరు కదండీ?"