బావ బిగించిన పెట్రోలు ముల్లు

"చిన్నమ్మా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అని మా అక్క కొడుకు జహీరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. పోయింది మా అక్క భర్త, మా బావ. నిండు వయసు, మంచం పట్టలేదు, ఎవరితోనూ సేవ చేయించుకోలేదు అని అందరూ అన్నారు. ఆ మాటలు నాకేమీ ఊరట ఇవ్వలేదు. ఆయనకు నేను ఒక్కతినే మరదలిని. ఇంత వయసొచ్చినా నన్ను ఆటపట్టించే మనిషి ఆయనొక్కడే మిగిలి ఉండేవాడు.

దినాల రోజు వచ్చినవాళ్లలో ఒకాయన, మంచివాడే, "పాతకాలం మెకానిక్కు గదా" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మా బావ మెకానిక్కు కాదు. బజారు వెనక పిండిగిర్నీ నడిపేవాడు. జొన్నలు పట్టించుకోవడానికి ఝరాసంగం వైపు నుంచి కూడా మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లు. ఇంజను తిప్పే పట్టా చప్పుడు విని గిర్నీకి ఏమైందో చెప్పేవాడు. ఏ యంత్రాన్నీ ఎవరినీ తిట్టనిచ్చేవాడు కాదు. "మిషిన్ అబద్ధమాడది. మనకే అడుగుడు రాదు" అనేవాడు. ఇంటికొచ్చిన నా పిల్లల పొట్టల మీద గోటితో టకటకా కొట్టి, "టాంకీ ఎంత నిండిందిరా?" అని అడిగేవాడు. సగమే అంటే అక్కను పిలిచి ఇంకో రొట్టె వేయించేవాడు.

టాంకీ అంటే గుర్తొచ్చింది. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో ఆయన దగ్గర ఒక పాత ఇంగ్లీషు కారు ఉండేది. ఎవరో జాగీర్దారు ఇంటి కొట్టంలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న బండిని తెచ్చి, ఒక్కో భాగమే విప్పి కడిగి, రోడ్డెక్కించాడు. నల్లటి కారు, పక్కన రబ్బరు బుడ్డి హారను. అన్నీ ఉన్నాయి గానీ, పెట్రోలు ఎంతుందో చూపే మీటరు మాత్రం లేదు. తయారైనప్పుడే లేదట. టాంకీలో పుల్ల ముంచి, ఎక్కడిదాకా తడిసిందో చూసుకోవాలి. మా వైపు పుల్లకు కరువేముంది? పైబెరడు చెక్కేసిన జొన్నకర్రను టాంకీలో నిలబెట్టి, టైర్లలో గాలి, ఇంజనులో నీళ్లు చూసుకుని వచ్చి, అప్పుడు తీసేవాడు. తెల్లటి బెండు మీద తడి గీత ఎవరికైనా కనిపించేది.

ఊళ్లో పెళ్లిళ్లకు ఆ కారే వెళ్లేది. ఒకసారి మొగుడంపల్లి నుంచి పెళ్లికొడుకును తీసుకొస్తుంటే నడిదారిలో పెట్రోలు అయిపోయింది. బయలుదేరే ముందు కర్ర మీద గీత చూసి అందరూ సరిపోతుందన్నవాళ్లే. పాపం ఆ పెళ్లికొడుకు బాసికం కట్టుకుని ఎడ్లబండిలో వచ్చి, ముహూర్తం దాటుతుందనగా పందిట్లో దిగాడు. ఆ తర్వాత బావ బజారుకు వెళ్తే చాలు, "ఏమయ్యా, కారెంబడి ఎడ్లు గూడ వస్తయా?" అని అడిగేవాళ్లు. బావ నవ్వేసి ఊరుకునేవాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సరిగా తినేవాడు కాదని అక్క చెప్పింది.

ఆ ఏడే నాకు బీదర్ సంబంధం కుదిరింది. పెళ్లికొడుకును తన కారులో తెస్తానని, మరదలిని తన కారులోనే అత్తారింటికి సాగనంపుతానని బావ ఎప్పటినుంచో అందరికీ చెప్పుకుంటున్నాడు. ఇంటికి పెద్దల్లుడు, ఆ ముచ్చట ఉండదా? మా నాన్న పప్పుల వ్యాపారి, అన్నింట్లోనూ తూకం చూసే మనిషి. పెళ్లి మాటలకు చుట్టాలంతా కూర్చున్నప్పుడు, "అల్లుడా, నా బిడ్డ లగ్గానికి నీ కారొద్దు. బస్సు మాట్లాడుత" అనేశాడు. బావ ముఖం చూడలేక నేను లోపలికి వెళ్లిపోయాను. ఆయన గొంతు మాత్రం వినిపించింది.

"కారుకు మీటర్ పెడ్త మామా. చూసినంక మీ ఇష్టం."

హైదరాబాద్‌లో ఒక పెద్ద షెడ్డువాళ్లను అడిగితే, ఆ టాంకీ తీసిపారేసి మీటరున్న కొత్త టాంకీ వేసుకోమన్నారట. బావకు ఆ మాట నచ్చలేదు. "టాంకీ కారుతలేదు, తుప్పు లేదు. దానికి కండ్లు లేవు, గంతే గదా. కండ్ల కోసం కడుపే మార్పిస్తమా?" అని తిరిగొచ్చాడు. తుక్కులో పడ్డ ఒక లారీ నుంచి మీటరు, దానికి సంబంధించిన ఇత్తడి డబ్బీ తెచ్చుకున్నాడు. ఆ డబ్బీ ఒక కడ్డీ చివర ఉండి పెట్రోలు మీద తేలుతుంది. పెట్రోలు తగ్గితే అది దిగుతుంది, దాంతోపాటు మీటరు ముల్లూ దిగుతుంది. అదీ లెక్క.

పెళ్లికి పసుపు, కారం పట్టించడానికి నేను అక్క ఇంట్లోనే ఉన్నాను, అంతా చూశాను. టాంకీ విప్పి ఎండబెట్టాడు, వేన్నీళ్లతో కడిగాడు. లోపల వాసన కూడా మిగలకూడదని పైదాకా నీళ్లు నింపి, అప్పుడు గానీ రంధ్రం వేయడానికి ఒప్పుకోలేదు. "ఇల్లు కాలబెడ్తవా ఏంది?" అని అక్క గోల. "నీళ్లున్న టాంకీ కాలుతదా? నువ్వు జర నెమ్మదిగుండు" అని ఆయన. లోపల ఒక అడ్డురేకు ఉంది. డబ్బీ దానికి తగలకూడదు. మూత తీసి లోపలికి వంపు తీగ పంపి, చేత్తో తడుముతున్నట్టే ఆ రేకు ఎక్కడుందో కనిపెట్టి, పైన సుద్దతో గీత గీసుకున్నాడు. ఆ గీతకు దూరంగా రంధ్రం చేసి ఆకురాయితో అంచులు నున్నగా రాశాడు. లారీ టాంకీ లోతు ఎక్కువ కాబట్టి కడ్డీని కురచ చేశాడు. ఎక్కడా ఒక్క చుక్క కారలేదు. ఆ పని చూస్తుంటే ఈయన మా బావ అని నాకు ఎంత గర్వమనిపించిందో!

తప్పు ఆ తర్వాత జరిగింది. పెట్రోలు పోసి చూస్తే ముల్లు కొంచెమే చూపించింది, జొన్నకర్ర చాలా చూపించింది. ఏళ్ల తరబడి నమ్మిన కర్ర. బావ ముల్లుదే తప్పనుకుని, కర్రకు సరిపోయేలా కడ్డీని వంచాడు. నాన్నను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని న్యాల్‌కల్ దారిలో తీసుకెళ్లాడు. ముల్లు సగానికి కాస్త కిందుండగానే కారు దగ్గి ఆగిపోయింది. నాన్న దిగి, పంచె దులుపుకుని, వెనకొచ్చిన బస్సెక్కి ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రం బావ గిర్నీ దగ్గర ఆ జొన్నకర్రనే తిప్పి తిప్పి చూశాడు. మర్నాడు ఒక గాజు సీసాలో కొంచెం పెట్రోలు పోసి, అందులో జొన్నకర్ర నిలబెట్టాడు. చూస్తుండగానే తడి పైకి పాకింది. సీసాలో ఉన్నదానికంటే జానెడు పైకి! కర్ర పెట్రోలును తాగుతోంది. టైర్లు చూసుకుని వచ్చేలోపు అది తాగినంత తాగి, లేనిదాన్ని ఉందని చెబుతోందన్నమాట.

ఇంకొకరైతే గుట్టుగా కడ్డీని సరిచేసుకుని ఊరుకునేవారు. మా బావ కడ్డీని సరిచేయడమే కాదు, ఆ సీసాను గిర్నీ ముందు బల్ల మీద పెట్టి, పిండికి వచ్చినవాళ్లందరినీ పిలిచి చూపించాడు. "చూడున్రి. కర్రను నమ్మి మీటర్‌ను వంచిన. మీటర్ నిజమే చెప్పింది, నాకే సమజ్ కాలే" అన్నాడు. ఎడ్ల మాట ఎత్తి నవ్వినవాళ్లకు మరింత వివరంగా చెప్పాడు. కబురు తెలిసి నాన్న కూడా వచ్చాడు. ఇంకో ఎండు కర్ర తెప్పించి తానే సీసాలో ముంచి చూశాడు.

"కర్ర పారెయ్ అల్లుడా. లగ్గానికి కారు తే" అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ, "మల్ల నడుమల ఆగితే?" అని అడిగింది. "నలుగుర్ల తన తప్పు తానే చెప్పుకున్నడు. గసొంటోడు నన్ను నడిదారిల దింపుతడా?" అన్నాడు నాన్న. అంతకు ముందు గానీ తర్వాత గానీ ఆయన ఎవరినీ అంతగా మెచ్చుకోగా నేను వినలేదు.

పెళ్లికొడుకును తేవడానికి నాన్న తనే బావ పక్కన కూర్చుని బీదర్ వెళ్లాడు. వచ్చేటప్పుడు ఆయన దారి చూడలేదట, ముల్లునే చూశాడట. వెనక కూర్చున్న వియ్యంకుడికి ప్రతి ఊరి దగ్గరా, "ఇంక మస్తున్నది బావగారూ" అని చెబుతూ వచ్చాడట. మా మామగారు ఈ సంగతి చెప్పి చాలా ఏళ్లు నవ్వేవారు.

అప్పగింతలయ్యాక అదే కారులో వెనక సీట్లో కూర్చున్నాను. పక్కన ఇంకా సరిగా ముఖం కూడా చూడని భర్త. ఊరు దాటేదాకా ఓర్చుకున్నాను గానీ, ఆ తర్వాత ఏడుపు ఆగలేదు. ఆయనకు ఏం చేయాలో తోచక కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బావ వెనక్కి తిరగలేదు. మీటరు అద్దం మీద గోటితో టకటకా కొట్టాడు.

"ఏడువు మరదలా, దిల్‌ఖుష్‌గ ఏడువు. ఫికర్ లేదు, బీదర్ దాంక సరిపోను ఉన్నది."

నాకు నవ్వొచ్చింది. ఏడుస్తూనే ముందుకు వంగి చూశాను. పొద్దు గూకుతున్న వెలుగులో, గతుకుల రోడ్డు మీద, ఆ సన్నటి ముల్లు వణుకుతూ నిండు గుర్తుకు దగ్గరగా నిలబడి ఉంది.