కల్లూరుకు వచ్చిన హాక్ ఫిష్

2023 ఫిబ్రవరి. కర్నూలులో నేను చేపల కొట్టు పెట్టి అప్పటికి పదేళ్లు దాటింది. చేపల కొట్టు అనగానే కూరకని సంచి పట్టుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బోర్డు మీద అక్వేరియం అని రాయించి, పక్కన బంగారు చేప బొమ్మ వేయించినా, "బొచ్చె కిలో ఎంతమ్మా?" అని అడుగుతారు. నేను అమ్మేది చూసుకునే చేపల్ని. గోల్డ్ ఫిష్, గప్పీ, వాస్తుకు మంచిదని కొనే ఫ్లవర్ హార్న్, అన్నీ మంచినీటి చేపలే. సముద్రపు చేపలు పెంచే మెరైన్ ట్యాంకు నాకు తెలిసినంతలో ఊరంతటికీ ఒక్కటే ఉండేది. అది నా కొట్టు వెనక గదిలో, నా కోసం నేను పెట్టుకున్నది.

ఆ పని నాకెవరూ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పలేదు. చెన్నైలోని హోల్‌సేల్ వ్యాపారి ఫోన్‌లో చెప్పింది కొంత, నా చేతిలో చచ్చిన చేపలు నేర్పింది మిగతాది. దాని గురించి మాట్లాడుకోవడానికి ఊళ్లో ఒక్క మనిషి లేడు. పక్క కొట్టు టైలరు మాత్రం అప్పుడప్పుడూ తొంగి చూసి, "మన బోరు నీళ్లు ఉప్పే గదమ్మా, ఆటిల్లోనే ఏస్తే పోదా?" అనేవాడు. నవ్వి ఊరుకునేదాన్ని. మూడు వందల కిలోమీటర్ల దూరంలోని సముద్రాన్ని గాజు పెట్టెలో పెట్టుకుని, దానికి జ్వరం వచ్చిందో లేదో రోజూ చూసుకునే ఆడమనిషిని అర్థం చేసుకోమని ఎవరినని అడుగుతాం?

ఆ ఫిబ్రవరిలో ఒకాయన కొట్టులోకొచ్చి, ముందు వరుసలోని రంగురంగుల చేపలను చూడకుండా నేరుగా వెనక గదిలోకి పోయాడు. మెరైన్ ట్యాంకు మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఏమన్నా, ఏం చేస్తాండావు?" అన్నాను కొంచెం కోపంగానే.

"వాసన సూస్తాండామ్మా. సముద్రం వాసన రాలా."

"మంచి ట్యాంకుకు వాసన ఉండదు. వచ్చిందంటే లోపల ఏదో చచ్చిందని."

ఆయన పెద్దగా నవ్వాడు. పేరు దేవదానం. కర్నూలును ఆనుకున్న కల్లూరు పక్క పల్లెలో, చర్చి వెనక ఇళ్లల్లో పుట్టిన మనిషి. పాతికేళ్లకు పైగా సరకు ఓడల్లో వంటవాడు. ఓడ దిగి వచ్చిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు సంబంధం చూసేలోగా సెలవు అయిపోయేదట. అట్లా పెళ్లీ కాలేదు, చూసేవాళ్లూ ఒక్కొక్కరే పోయారు. ఇప్పుడు కల్లూరులో కొత్త ఇల్లు కట్టుకుని ఒక్కడే ఉంటున్నాడు.

"ఇంట్లో నిద్ర పట్టడం ల్యామ్మా. ఇంజను శబ్దం ఉండదు గదా. నీ పంపు మాదిరి ఏదన్నా గుయ్యిమంటా ఉంటే బాగుంటాది," అన్నాడు. తర్వాత ట్యాంకు వైపే చూస్తూ ఇంకో మాట అన్నాడు. "సముద్రం చేప ఈ ఎండల్లో కల్లూరులో బతికితే నేనూ ఈడనే బతుకుతా. అది పోయిందంటే మళ్లా ఓడెక్కుతా."

ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. చేప బతకాలని కోరుకునే గిరాకీలు చాలామందిని చూశాను. తన ముల్లె సర్దుకోవడమా, విప్పుకోవడమా అనేది చేప మీద పెట్టినవాడు ఈయనొక్కడే.

చేపను ఎన్నుకోవడానికి కూర్చున్నాం. ఆయన ఫోన్లో బొమ్మలు చూపించాడు. మొదటిది మాండరిన్. నెమలి పింఛం రంగులన్నీ దాని ఒంటి మీదే ఉంటాయి. కానీ అది రాళ్ల మీద పాకే కంటికి ఆనని పురుగుల్నే తింటుంది. చిన్న ట్యాంకులో అవి అయిపోగానే మన కళ్ల ముందే ఎండిపోయి చస్తుంది. వద్దన్నాను. రెండోది బ్లూ టాంగ్. అది ఈదడానికి పుట్టిన చేప, ఆయన ఇంట్లో పట్టే మూడడుగుల ట్యాంకు దానికి జైలు. వద్దన్నాను. మూడోది చూపించేలోపే తల అడ్డంగా ఊపాను.

"అన్నిటికీ కాదంటే ఎట్లమ్మా? అమ్మేదానివా, ఆపేదానివా?"

"రంగు చివర్న చూడల్లన్నా. ఏం తింటాది, ఎంత పెరుగుతాది, ఎవరితో పడతాది, ముందు ఇవి."

"పెండ్లి సంబంధం మాదిరి ఉండాదే!"

"సంబంధంలోనైతే ఒకటి రెండు అబద్ధాలు నడుస్తాయి. ఈడ నడవవు."

క్లౌన్ ఫిష్ జత పెట్టుకోమన్నాను. తెల్ల చారల నారింజ చేపలు, గట్టివి. సముద్రంలో పట్టినవి కాకుండా ట్యాంకుల్లోనే పిల్లలు చేయించి పెంచినవి దొరుకుతాయి, కొత్తవాళ్లకు అవే మేలు. ఆయన ఒప్పుకోలేదు.

"జంట వద్దుమ్మా. అయ్యి రెండూ కాపురం చేస్తాంటే నేను కుర్చీ ఏసుకొని సూస్తా కూర్చోవల్లనా?"

అప్పుడు హాక్ ఫిష్ గుర్తొచ్చింది. డేగలా ఎత్తున కూర్చుని కిందికి చూస్తుందని దానికా పేరు. మామూలుగా చేపలకు ఒంట్లో గాలితిత్తి ఉంటుంది, నీళ్లలో తేలి ఉంటాయి. దీనికి అది లేదు. ఈదడం ఆపితే అడుగుకు దిగిపోతుంది. అందుకే రెక్కలతో రాయిని పట్టుకుని కూర్చుని, కళ్లు మాత్రం తిప్పుతూ గదిలో ఎవరు తిరుగుతున్నారో చూస్తుంటుంది. మొండి ప్రాణం. తన జాతి చేప ఇంకోటి పక్కనుంటే మాత్రం ఓర్వదు.

"ఒక్కటే ఉంటాదా? బెంగపడదా?" అన్నాడు.

"దానికి తోడు అక్కర్లేదన్నా. దాని తీరే అంత."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, "ఇదైతే సరిపోతాది," అన్నాడు.

చేప రావడానికి ముందు నెలన్నర ఖాళీ ట్యాంకు నడపాలి. దీన్ని మేము సైక్లింగ్ అంటాం. చేప మలినం నుంచి పుట్టే విషాన్ని తినే బాక్టీరియా రాళ్లలో పెరిగేదాకా ఆగడం. తొందరపడి చేపలు చంపుకునేది ఇక్కడే. దేవదానం అన్న తొందరపడలేదు. ఉప్పు కలిపేటప్పుడు ఓడ వంటింట్లోలాగే తూచి కలిపాడు, ఉప్పు శాతం చూసే రిఫ్రాక్టోమీటరు వాడకం నాకన్నా ముందే పట్టేశాడు. ఉత్త నీళ్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

చెన్నై వ్యాపారికి నా షరతు ఎప్పుడూ ఒకటే. చేప అందంగా ఉందని ఫొటో పంపితే ఒప్పుకోను, తిండి తింటున్న వీడియో పంపాలి. మందు చల్లి మత్తెక్కించి పట్టిన చేపలు పైకి మెరుస్తూనే ఉంటాయి, నోరు మాత్రం తెరవవు. రెండుసార్లు వెనక్కి కొట్టాను. మూడో వీడియోలో ఎర్ర చుక్కల హాక్ ఫిష్ ఒకటి రాయి మీంచి దూకి రొయ్య ముక్కను లాక్కుని మళ్లీ రాయెక్కింది. అదే కావాలన్నాను. ఏప్రిల్లో ఆక్సిజన్ నింపిన కవరులో, థర్మోకోల్ డబ్బాలో, పక్కన మంచు సీసాతో చెన్నై బస్సులో వచ్చింది. సన్నటి గొట్టంతో చుక్క చుక్కగా ట్యాంకు నీళ్లు ఆ కవరులోకి దింపి, రెండు నీళ్లూ ఒకటయ్యాక వదిలాం. అది ట్యాంకంతా చుట్టి వచ్చి, ఆయన కుర్చీకి ఎదురుగా ఉన్న రాయి మీద కూర్చుంది.

"సూడు, నన్నే సూస్తాండాది," అన్నాడు. ఆ గొంతు నాకింకా గుర్తుంది.

ఆ ఎండాకాలం మనుషులకే కష్టమైంది. ఆయన నీళ్లు చల్లబరిచే చిల్లరు పెట్టించాడు, కరెంటు పోతే పంపు ఆగకుండా బ్యాటరీ పెట్టించాడు. తను మాత్రం ఫ్యాను కింద చెమటలు కక్కుతూ ఉండేవాడు. అన్నం కూడా ట్యాంకు ముందే తినేవాడు. తినేది బ్రెడ్డే. "ఇరవై మందికి వండే చెయ్యిమ్మా. ఒక్కరికి ఎసరు ఎంత పెట్టల్లనో తెలియదు," అనేవాడు.

జూలైలో ఆయన పుట్టినరోజుకు చర్చివాళ్లు ఇంట్లో ప్రార్థన పెట్టారు. వాళ్లకు ఎప్పటినుంచో రెండు బాధలు. దేవదానానికి తోడు లేదు, దేవదానం చేపకు తోడు లేదు. మొదటిది ఆయన మాట్లాడనివ్వడు. రెండోదైనా తీరుద్దామని తలా ఇంత వేసుకుని, ఫొటో చూపించి, అచ్చం అట్లాంటి చేపనే హైదరాబాదు నుంచి తెప్పించారు. పాస్టరమ్మ ప్రార్థన చేసింది, అందరూ ఆమెన్ అన్నారు, ఆయన వద్దనలేకపోయేసరికి కవరు విప్పి ట్యాంకులో వదిలారు. కేకు కోసి, ఉగ్గాని తిని, ఆయన కళ్లు తుడుచుకుంటుంటే చూసి సంతోషంగా వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున ఫోను. "అమ్మా, నా చేప కనిపీడం ల్యా."

పోయి చూస్తే కొత్తది, ఒళ్లు పెద్దది, ఆయన కుర్చీకి ఎదురుగా ఉన్న రాయి మీద కూర్చుని ఉంది. పాతది పంపు వెనక సందులో ఇరుక్కుని, తోక పీలికలై, ఒక పక్కకు ఒరిగి ఊపిరి తీస్తోంది. రాళ్లన్నీ బయటికి తీసి కొత్తదాన్ని పట్టి నా కొట్టుకు తెచ్చాను. తర్వాత దాన్ని బెంగళూరు గిరాకీకి ఇచ్చేశాను. విషయం తెలిసి పాస్టరమ్మ పరుగున వచ్చి ఏడ్చింది. "మంచికే చేసినామన్నా, తోడుంటే బాగుంటాది అనుకున్యాం." ఆమెను ఏమనగలం? తోడు తెచ్చినవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం ఎవరికి చేతనవుతుంది?

చేప తిండి ముట్టలేదు. దేవదానం అన్న ఓడెక్కేటప్పుడు పట్టుకుపోయే పెట్టె, మంచం కింద ఉండాల్సింది, హాల్లోకి వచ్చి ఉంది.

ఆ రోజు నుంచి పొద్దున్నే స్కూటీ మీద కల్లూరు పోయి నీళ్లు పరీక్షించి, కొంచెం మార్చి, వెల్లుల్లి రసంలో నానబెట్టిన రొయ్య ముక్కను కడ్డీ చివర పెట్టి దాని నోటి ముందు ఆడించేదాన్ని. అది చూసేది కాదు. ఆయన పక్కన నిలబడి ఓడ కబుర్లు చెప్పేవాడు. నేను నా చచ్చిన చేపల కబుర్లు చెప్పేదాన్ని. ఇంటికొచ్చిన మనిషికి తిండి పెట్టకుండా ఎట్లా పంపిస్తానని వంట మొదలుపెట్టాడు. దోసెలు, ఎర్రకారం, చింతచిగురు పప్పు. వండినది వీధికంతా సరిపోయేది, నాకు మూటగట్టి ఇచ్చేవాడు. పదేళ్లుగా ఎవరితోనూ మాట్లాడలేని నీళ్ల లెక్కలన్నీ అక్కడ మాట్లాడాను. ఉన్నమాట చెప్పాలంటే, చేప చావుబతుకుల్లో ఉన్న ఆ రోజులే నాకు బాగున్నాయి.

మూడో వారంలో ఒక పొద్దున అది రాయెక్కి కూర్చుంది. ముక్క ఆడించగానే దూకి లాక్కుంది. దేవదానం అన్న చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. పెట్టె మళ్లీ మంచం కిందికి పోయింది. నేను గెలిచాననుకున్నాను. ఇక పోవలసిన పని లేకపోయింది. మా వృత్తిలో బాగున్న ట్యాంకు దగ్గరికి ఎవరూ పోరు. వారానికోసారి ఫోన్ చేసి ఉప్పు ఎంత, వేడి ఎంత అని అడిగేదాన్ని. అంతా సరిగ్గానే ఉందనేవాడు.

అక్టోబరులో కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"చేపను నీకిచ్చి పోతానమ్మా. ఓడ దొరికింది."

"బతికింది గదన్నా! నీ మాట ప్రకారం నువ్వు ఉండల్ల గదా!"

"నిజమే. అది బతికింది. తోడు లేకున్నా బతుకుతాదని నువ్వు చెప్పినావు, అట్లనే బతుకుతాండాది." వెనక గది వైపు చూశాడు. "అది జబ్బు పడినప్పుడు ఇంట్లోకి మనిషి వస్తాండె, పొయ్యి వెలుగుతాండె. అది బాగైనాక నీకు రావలసిన పని ల్యాకపాయ. తప్పనడం ల్యామ్మా. నాకు అప్పుడే తెలిసింది, నేను హాక్ ఫిష్ మాదిరి కాదని. ఓడలో తిట్టుకోనీకైనా ఇరవై మంది ఉంటారు."

చేపను ఎప్పుడు తీసుకుపోవాలో మాత్రం అడిగాను. ఇంకేమైనా అనుంటే ఉండేవాడేమో. ఒక ఆడమనిషి, విడిగా బతికేది, రోజూ వచ్చిపోతానని ఏ నోటితో అంటుంది? గిరాకీకి చెప్పే మాటల్లో అది లేదు.

చేప ఇప్పుడు నా కొట్టు వెనక గదిలో ఉంది. మెరైన్ ట్యాంకు కావాలని ఇంకా ఒకరిద్దరు వస్తుంటారు, మొన్న రాయచోటి నుంచి ఒకాయన వచ్చాడు. ట్యాంకు ఎన్ని అడుగులు, ఇన్వర్టరు ఉందా అని అడగడానికి ముందు, ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతున్నాను. చేపకూ దానికీ ఏం సంబంధమని విసుక్కుంటారు. చేపకు ఏం కావాలో చూడడమే పని అనుకున్నాను ఇన్నేళ్లూ, కుర్చీలో కూర్చునేవాడికి ఏం కావాలో కూడా చూడాలని దేవదానం అన్న దగ్గరే తెలిసింది. తెలిసినా ఏం చేయగలనో మాత్రం ఇంకా తెలియదు.

ఓడ రేవులో ఆగినప్పుడల్లా ఆయన వీడియో కాల్ చేస్తాడు. ఫోన్ ట్యాంకు వైపు తిప్పి పట్టుకుంటాను. పోయిన నెల చేసినప్పుడు చేపను చూడటం అయ్యాక, "అమ్మా, ఇంట్లో ఎవరెవరుంటారని గిరాకీలందర్నీ అడుగుతాండానంటివి గదా. నీ ఇంట్లో ఎవరెవరుంటారో నేనెప్పుడూ అడగలా," అన్నాడు.

"నేనొక్కదాన్నే అన్నా," అన్నాను.

అటు ఇంజను చప్పుడు కాసేపు వినిపించింది. "అట్లయితే దానికి తిండి పెట్టేటప్పుడు నువ్వూ ఆడనే కూర్చొని తినుమ్మా," అన్నాడు.

ఆ రోజు నుంచి అన్నం పళ్లెం వెనక గదిలోకే తీసుకుపోతున్నాను.