అమ్మమ్మ అనుమానించిన మరమనుషులు

మనవడి రేకు రోబో మామిడిపళ్ల బుట్ట పక్కన నిలబడి ఉంది. దాని మీద నాకెందుకో నమ్మకం కలగడం లేదు.

ఎనభైల్లో వీడియో అద్దెకు తెచ్చుకునేవాళ్లం, గుర్తుందా? ముసునూరులో మా తోట షెడ్డు కిటికీలకు గోనెపట్టాలు కట్టి, పట్టపగలే ఇద్దరు మరమనుషులున్న ఓ ఇంగ్లీషు అంతరిక్ష సినిమా పెట్టారు. షెడ్డంతా ఎండుగడ్డి వాసన, పచ్చికాయల సొన వాసన. ఆ ఏడు మా తోటలో రసాల మామిడిపళ్లు మాయమవుతున్నాయి. అందరి అనుమానమూ కాయలు కోసే కోటయ్య మీదే. సొన పడి చెంప కాలడంతో అతను ముఖానికి తువ్వాలు చుట్టుకుని తిరిగేవాడు. ఆ సాయంత్రం అతన్ని పనిలోంచి తీసేయాలని మావయ్య నిర్ణయించాడు.

టీవీలో ముసుగు విలన్ రాగానే మేం "దొంగ! దొంగ!" అని అరిచాం.

"నోర్మూసుకోండర్రా" అంది అమ్మమ్మ. "బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చేవాడు దొంగేంటి? ఆ రెండు రేకు డబ్బాల్ని చూడండి. అన్ని గదుల్లోకీ పోతున్నాయి. ఒక్కడన్నా ఆపుతున్నాడా?"

అంటూనే ఆవిడ గుమ్మం బయటికి చూసింది. పాలు పోసేసి వెంకయ్య సైకిలు మీద వెళ్లిపోతున్నాడు, వెనక రెండు క్యాన్లతో.

"వెంకయ్యా, ఆ మూతలు తియ్యి."

"ఖాళీవేనండీ."

"ఖాళీ క్యాను మోగుద్ది. నీ సైకిలు చప్పుడే చెయ్యట్లేదు."

రెండు క్యాన్ల నిండా రసాలే. మావయ్య కోటయ్య ముఖం వైపు చూడలేకపోయాడు.

ఇందాక ఈ రోబోను చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. చప్పుడు లేదు. మూత ఎక్కడుందో వెతుకుతున్నాను.