పిన్ని చెవి, నా చెవి

"పిన్ని పోయిందమ్మా" అని రేపల్లె నుంచి బాబాయి ఫోన్ చేసినప్పుడు నేను బాపట్లలో బడికి బయలుదేరుతున్నాను. గుండెపోటట. భయమేసినప్పుడల్లా నేను ఫోన్ చేసింది ఆమెకే.

మా ఇద్దరికీ ఒకే బాధ. నాకు కుడి కర్ణభేరికి చిల్లి, ఆమెకు ఎడమ దానికి. జలుబు చేస్తే చాలు, చీము కారేది. చాలా ఏళ్ల కిందట పిన్నికి చెవి వెనక కోసి, కండరం మీది పలచటి పొర తీసి అతికించారు. అది నిలవలేదు. ఆ సంగతి తెలిశాక ఆపరేషన్ అంటేనే నాకు చెమటలు పట్టేవి.

పిన్ని నన్ను తెనాలిలో చెవి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లింది. పిన్నే అడిగింది.

"అప్పట్లో నాకు పొర వేశారండి. మా అమ్మాయికి ఏం వేస్తారు?"

"ఈమెది చిన్న చిల్లి, పొర చాలమ్మా. జుట్టులో చిన్న కోత పెట్టి తీస్తాం. పలచన కాబట్టి శబ్దానికి బాగా కదులుతుంది. మీది పెద్దది, పైగా ఒకసారి నిలవలేదు. చెవి ముందుండే మెత్తటి ఎముక ముక్క వేస్తే గట్టిగా పట్టుకుంటుంది. ఇద్దరికీ చెవి రంధ్రంలోంచే కెమెరాతో చూస్తూ చేస్తాం."

"ఎముకేస్తే వినపడుద్దాండి?"

"కాస్త బిరుసుగా ఉంటుంది గానీ, చాలామందికి బాగానే వినపడుతుంది. కచ్చితంగా అని మాత్రం ఎవరూ చెప్పలేరు."

ఆ చివరి మాటకు నేను వెళ్లిపోదామని లేచాను. పిన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆమె చెయ్యి నా చేతికంటే చల్లగా ఉంది.

"ముందు నాకు చెయ్యండి డాక్టరుగారూ. నన్ను చూసి ఇది ధైర్యం తెచ్చుకుంటది."

చెవికి మత్తిచ్చి, మెలకువగా ఉండగానే చేశారు. నేను బయట బెంచీ మీద తలుపు వంకే చూస్తూ కూర్చున్నాను. పిన్ని చెవికి కట్టుతో బయటికొచ్చి, "లోపల గరగరమంది, కాస్త తల తిరిగింది. భయమేసిందే అమ్మడూ. భయమేసినా కదలకుండా పడుకోవచ్చు, అంతే" అంది.

ఆ మాట పట్టుకునే కొన్నాళ్లకు నేనూ ఆపరేషన్ బల్ల ఎక్కాను. ఇద్దరివీ అతుక్కున్నాయి.

నీళ్లు తగిలినా ఫరవాలేదని డాక్టరుగారు చెప్పాక, ఏళ్ల తరబడి చెవిలో దూదితో తలంటుకున్న పిన్ని వాడరేవు సముద్రానికి తీసుకెళ్లమంది. "వద్దు పిన్నీ" అంటున్నా వినలేదు. కుచ్చిళ్లు ఎగదోపుకొని నడుం లోతుకు వెళ్లి, ముక్కు మూసుకుని, వస్తున్న కెరటం కింద తల ముంచేసింది. కెరటం నా కాళ్లదాకా వచ్చింది. ఆమె కనపడలేదు. కేకవేస్తూ నీళ్లలోకి పరుగెత్తబోయాను. ఇంతలో నెరిసిన తల పైకొచ్చింది. ఒక పక్కకు వంచి, చెవి దులుపుకుంటూ, పిన్ని పకపకా నవ్వుతోంది.