చెత్త కంపు అనుకున్నాను

గబగబా టైప్ చేస్తున్నాను. అక్షరాలు తప్పితే సర్దుకుని చదువుకోండి.

పోయిన వారం శామీర్‌పేట దగ్గర రోడ్డు మీద నిలిచిన వాననీళ్లలోంచి కారు పోనిచ్చాను. వెనక బంపరు మునిగింది. అప్పటినుంచీ కార్లో ఏదో వాసన. మా పాపని బడికి తీసుకెళ్లేది జవహర్‌నగర్ మీదుగానే కాబట్టి అది అక్కడి చెత్త డంపింగ్ యార్డు కంపేననుకున్నాను. రోజూ అద్దాలన్నీ ఎత్తేసి, డాష్‌బోర్డు మీద అగర్బత్తి వెలిగించి మరీ బయల్దేరేదాన్ని.

ఈ రోజు బంకులో పెట్రోలు కొడుతుంటే గన్ను మాటిమాటికీ ఆగిపోయింది. అనుమానమొచ్చి అత్వెల్లిలో మెకానిక్ యాదగిరి గారికి చూపించాను. ఆయన కారు కింద దూరి, ఒక నల్ల డబ్బా ఊడదీసి వంచారు. గ్లాసెడు నీళ్లు కారాయి.

"దీంట్ల బొగ్గుంటది మేడం. ట్యాంకుల పెట్రోలు ఆవిరిని గదే పట్టుకుంటది. నీళ్లు పోయి ఖరాబైంది. ఇగ ఆవిరంతా బయటికొచ్చి కార్లకే పోతాంది."

తర్వాత కారు లోపలికి తొంగిచూశారు. డాష్‌బోర్డు మీద బూడిద కనబడింది.

"గిదేంది? అగర్బత్తి ముట్టిచ్చిండ్రా?"

"వాసన పోతుందని..."

ఆయన చెయ్యి చాచి, పక్కనున్న అగ్గిపెట్టె తీసి తన జేబులో వేసుకున్నారు.

పాపం, వారం రోజులు ఆ డంపింగ్ యార్డును ఉత్తపుణ్యానికి తిట్టాను. నా చోట మీరుంటే ఏమనుకునేవారు? నిజం చెప్పండి.

ఇంటికొచ్చాక పాప అడిగింది: "అమ్మా, రేపు అగర్బత్తి నన్ను వెలిగించనిస్తానన్నావుగా?"