రెండోసారి అడగని ఊళ్ళో

మా నందిగామలో ఎవరింటికైనా వెళ్తే "భోంచెయ్యమ్మా" అంటారు. "వద్దండీ, ఇప్పుడే తిన్నా" అంటాం. ఆ మాటని ఎవరూ నమ్మరు, నమ్మాలని మనమూ అనుకోం. "తిన్నావులే, మొహం చూస్తే తెలుస్తోంది, కూర్చో" అని చెయ్యి పట్టుకుని లాగుతారు. అప్పుడు వాళ్ళ మాట కాదనలేక కూర్చున్నట్టు కూర్చుని సుష్టుగా తింటాం. మా పక్కింటావిడైతే "చాలు చాలు" అంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేది గానీ, వేళ్ళ మధ్యలోంచి గరిటెడు పప్పు దిగేంత సందు వదిలేది.

మా అమ్మ ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివింది. చందర్లపాడు వైపు మిరప కోతలకి వెళ్తూ, బడి లేని రోజుల్లో నన్నూ వెంటబెట్టుకెళ్ళేది. రైతుగారి భార్య తినడానికేదన్నా ఇవ్వబోతే చాటుగా నా తొడ గిల్లేది. "అడగ్గానే చెయ్యి చాపితే తిండికి మొహం వాచినోళ్ళం అనుకుంటారే. అసలే మనమంటే చులకన" అనేది తర్వాత. మూడోసారి అడిగితే గిల్లడం ఆపేది. ఇక తినొచ్చన్నమాట. ఆ గిల్లుళ్ళతో పెరిగా నేను.

పెద్దయ్యాక జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదేళ్ళు నర్సుగా చేసా. మధ్యాహ్నం క్యారేజీలు విప్పితే ఎవరి కూర ఎవరి కంచంలో ఉందో తెలిసేది కాదు. అక్కణ్ణుంచి, ముప్పై నాలుగేళ్ళ వయసులో, జర్మనీలో ఒక ఊరికి వచ్చిపడ్డా. వృద్ధుల ఆశ్రమంలో డ్యూటీ. సాయంత్రం షిఫ్టు రాత్రి పదింటికి దిగేది. నాతోపాటు ఒక సీనియర్ నర్సు ఉండేది, పోలండ్ ఆవిడ, మా పెద్దమ్మ వయసు. పేరు పెట్టి పిలవమంది. అంత పెద్దావిణ్ణి పేరెట్టి ఎలా పిలుస్తానండీ? కలిసి పనిచేసిన ఏడు నెలలూ ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడి, ఓసారి దగ్గి, తలెత్తి చూసినప్పుడు మాట్లాడేదాన్ని.

ఆ ఊళ్ళో స్టేషను దగ్గర టర్కీ వాళ్ళ కెబాబ్ కొట్టుంది. నిలువు కడ్డీకి గుచ్చిన మాంసం సెగ ముందు తిరుగుతుంటే పొడుగాటి కత్తితో పల్చగా కోసి, ఉల్లిపాయ, క్యాబేజీ, పెరుగు సాసుతో కలిపి వేడి రొట్టెలో కూరి ఇస్తారు. మన దగ్గర ఇప్పుడు షవర్మా అంటున్నారే, దానికి అన్నయ్య. రాత్రి రెండింటిదాకా లైను. శుక్రవారం షిఫ్టు దిగాక మా డ్యూటీ వాళ్ళంతా అక్కడికే.

చేరిన మొదటి శుక్రవారం పోలండ్ ఆవిడ అడిగింది. "కెబాబ్‌కి వెళ్తున్నాం, వస్తావా?"

పొద్దుట్నుంచి రెండు బ్రెడ్డు ముక్కల మీద ఉన్నా. అయినా నోరుందే, అది "థాంక్యూ, తినేసా" అంది. "సరే, జాగ్రత్తగా వెళ్ళు" అని కోటు తగిలించుకుని చక్కా పోయింది! నేను షూ లేసులు కట్టుకుంటూ, విప్పుతూ, మళ్ళీ కట్టుకుంటూ కూర్చున్నా, వెనక్కొచ్చి అడుగుతుందేమోనని. ఎవరూ రాలేదు. ఏం మనుషులమ్మా, ఒక్క మాటంటే ఒక్క మాటేనా అని తిట్టుకుంటూ గదికెళ్ళిపోయా.

తర్వాత వారమూ అడిగింది. నాదీ అదే జవాబు. ఆ పై వారం అడగటం మానేసింది. మొహమాటానికి పోతే కడుపయిందని సామెత. నాకు కడుపు మాడింది.

నిజం చెప్పొద్దూ, నాకు కావల్సింది కెబాబ్ కాదు. ఎదురుగా ఒక మనిషి తింటుంటే నేనూ తినాలి, అంతే. ఆ ఏడు నెలల్లో ఒక్క పూట కూడా ఎవరితోనూ కలిసి తినలేదు. ఫోను గ్లాసుకి ఆనించి, ఎవరో ముక్కూమొహం తెలియనాయన అన్నం తినే వీడియో పెట్టుకుని తినేదాన్ని. ఆయన నీళ్ళు తాగితే నేనూ తాగేదాన్ని. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

అలా ఉండగా, ఆవిడ ఉద్యోగం మానేసి కూతురున్న ఊరికి వెళ్ళిపోతోందని తెలిసింది. ఆఖరి డ్యూటీ శుక్రవారమే. అడగందే అమ్మైనా పెట్టదంటారు, పోలండ్ ఆవిడ ఎందుకు పెడుతుంది? ఈసారి నేనే "నేనూ రావచ్చా?" అని అడగాలని గట్టిగా అనుకున్నా. ఆ ముక్క లిఫ్టులో, బాత్రూములో, ముసలాయనకి మాత్రలిస్తూ మనసులో వల్లించా. పదయింది. అందరూ ఆవిడ చుట్టూ మూగారు. నేను గోడవారన నిలబడ్డా. అలాగే వెళ్ళిపోయారు.

గదికి పోబుద్ధి కాలేదు. పావుగంట ఆగి నేనూ కొట్టు దగ్గరికెళ్ళి లైన్లో నిలబడ్డా. లోపల ఆవిడ, ఇంకో ఇద్దరు. నన్ను చూసింది. చూసి, పక్కనున్న ఖాళీ కుర్చీని కాస్త ఇవతలికి లాగి, రమ్మని చెయ్యూపింది.

నా తల దానంతటదే అడ్డంగా ఊగింది. "పర్లేదు, మీరు తినండి" అని నవ్వా కూడా. ఆవిడ ఒక్క క్షణం చూసి, ఆ కుర్చీ మీద తన బ్యాగు పెట్టుకుంది. నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

కత్తి పట్టుకున్నాయన కారం వెయ్యనా అని అడిగాడు. బాగా వెయ్యమన్నా. మిరప కళ్ళాల్లో పెరిగినదాన్ని, ఆ కారం నాకో లెక్క కాదు. కాగితంలో చుట్టిచ్చింది తీసుకుని బయటికొచ్చి ట్రాం స్టాపులో నిలబడ్డా. ఒక ముక్క కొరికా. బాగుంది. పాడు కెబాబ్, అంత బాగుంటుందనుకోలేదు. ఏడుపొచ్చింది.

కాసేపటికి ఆవిడా అక్కడికే వచ్చింది, ఒక్కతే. ట్రాం రెండు నిమిషాల్లో ఉంది. మెల్లిగా అడిగింది.

"వెళ్ళిపోయేముందు తెలుసుకుందామని. నీకు నేనేమైనా తప్పు చేశానా? ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా నా పక్కన కూర్చోలేదు. నేనంటే నీకు ఇష్టం లేదని అర్థమై, ఇబ్బంది పెట్టడం ఎందుకని అడగటం మానేశా."

జర్మన్ భాష పరీక్ష పాసయితేనే రానిచ్చిన దేశం అది. ఆ భాషలో జ్వరం, బీపీ, మోకాలి నొప్పి అన్నీ చెప్పగలను. ఆ నిమిషంలో ఒక్క ముక్క దొరకలేదు. "అయ్యయ్యో, అదేం లేదండీ" అన్నా, తెలుగులో. ఆవిడ అర్థంకాక నా మొహంలోకి చూసింది. తర్వాత నా భుజం తట్టి, వచ్చిన ట్రాం ఎక్కేసింది. తలుపులు మూసుకుని అది కదిలి వేగం అందుకునేదాకా నేను కిటికీ అద్దం పక్కన నడుస్తూ తెలుగులోనే చెబుతున్నా, ఇష్టమండీ, మీరంటే చాలా ఇష్టమండీ అని.