జలీల్ భాయ్ నీలితార

జలీల్ భాయ్ నోట దేనికీ చెడ్డపేరు రాదు. మాడిపోయిన బిర్యానీని కూడా ‘బాగా వేగింది’ అంటాడు. ఆ మాట నమ్మి, సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో ఆయన పక్క ఫ్లాట్‌లో ఉండే హస్సాన్ రెండుసార్లు కడుపు పాడుచేసుకున్నాడు.

ఇద్దరిదీ గుంటూరే. 2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటూకే గండం గట్టెక్కించడానికి ఒకే విమానంలో సిడ్నీలో దిగిన ప్రోగ్రామర్లు. ప్రోగ్రాములో దొర్లిన తప్పుని ఆఫీసులో అందరూ ‘బగ్’ అంటుంటే జలీల్ భాయ్ మాత్రం ‘గెస్ట్’ అనేవాడు. “ఈ ఫైల్లో ముగ్గురు గెస్టులున్నారు” అని ఆయన చెబితే మేనేజరు కాఫీలు తెప్పించాడు.

ఓ ఆదివారం ఇద్దరికీ నగరం అంచున రౌస్ హిల్ అవతల, ఇంకా ఇళ్లు కట్టని గడ్డిమైదానంలో ముళ్లముళ్లుగా, ఉక్కులా మెరిసే నీలిపూలు కనబడ్డాయి. కుక్కని తిప్పుతున్న ముసలాయన, “బ్లూ డెవిల్, మేట్. ఇక్కడి పువ్వే” అన్నాడు.

“పువ్వుకి దెయ్యం పేరేంటి!” జలీల్ భాయ్ నొచ్చుకుని, అక్కడికక్కడే ‘నీలితార’ అని పేరు మార్చేశాడు. హస్సాన్ ముట్టుకుని చూశాడు.

“అబ్బా, గుచ్చింది భాయ్!”

“గుచ్చలేదు తమ్ముడూ, పలకరించింది.”

2001 చివరికొచ్చేసరికి ఐటీ కంపెనీలు ఒక్కొక్కటే మూతపడసాగాయి. అప్పటికి ఇద్దరూ చెరో కంపెనీలో ఉన్నారు. ఓ గురువారం పొద్దున హస్సాన్‌ని తీసేశారు. వీసా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. ఆ మధ్యాహ్నమే అతని భార్య కహకషాన్, నెలలు నిండకుండానే ప్రసవించింది. ఆడపిల్ల. గాజుపెట్టెలో, ముక్కున గొట్టంతో, అరచేయంత ఉంది. బతుకుతుందని డాక్టర్లు గట్టిగా చెప్పలేదు.

ఆస్పత్రి వరండాలో హస్సాన్ తల పట్టుకున్నాడు. “మనహూస్ పిల్ల, భాయ్. అపశకునం. అడుగుపెడుతూనే నా జాబ్ మింగేసింది.”

ఇప్పుడీయన దీనికేదో తియ్యటి పేరు వెతుకుతాడని, వెతికితే కొట్టాలని కూడా అనిపించిందతనికి. జలీల్ భాయ్ టై ముడి వదులు చేసుకున్నాడు.

“నన్ను సోమవారమే పీకేశారు తమ్ముడూ.”

హస్సాన్ తలెత్తాడు. ఆయన నోట అంత పచ్చిమాట ఎప్పుడూ వినలేదు.

“మరి రోజూ టై కట్టుకుని ఎక్కడికెళ్తున్నారు?”

“రౌస్ హిల్‌కి. ఆ డెవిల్స్ మధ్య కూర్చుంటున్నా. ఒకటే గుచ్చుడు. అసలే నీకు టెన్షన్, నా సంగతి తెలిస్తే నిద్ర కూడా పోవని చెప్పలేదు. సరే, ఇప్పుడు చెప్పు. సోమవారానికి నీ కూతురు పుట్టనే లేదు. మరి నా జాబ్ ఎవరు మింగారు?”

హస్సాన్‌కి నవ్వబోతే ఏడుపొచ్చింది. మొహం తుడుచుకుని, ఆయన చెయ్యి పట్టుకుని లేచాడు.

పిల్ల ఉన్న వార్డు తలుపు దగ్గర నర్సు జలీల్ భాయ్‌ని మెత్తగా ఆపింది. “ఫ్యామిలీ ఓన్లీ, లవ్.”

“మై బ్రదర్” అన్నాడు హస్సాన్. జలీల్ భాయ్ వైపు తిరిగి, “రండి, పెదనాన్నగారూ.”

జలీల్ భాయ్ పిల్ల దగ్గరికెళ్లే ముందు సింకు దగ్గర సబ్బు అందుకున్నాడు. మోచేతుల దాకా రుద్దాడు, వేళ్ల సందుల్లో రుద్దాడు, మళ్లీ మోచేతులకొచ్చాడు. చివరికి నర్సే వచ్చి కుళాయి కట్టేసింది.

“చాలు, మేట్. ఈలోగా పిల్ల బడికెళ్లిపోయేలా ఉంది!”